సొంత దుకాణం నడిపిన పదకొండేళ్ల తర్వాత ఇంటర్వ్యూ: ముందుగా తేల్చుకోవలసిన విషయాలు

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా మళ్లీ చెప్పుకుని మొదలుపెడతాను. విడవలూరు మండలంలో 2014 నుంచి రొయ్యల మేత, మందుల దుకాణం నడిపారు. దానికి అనుబంధంగా నీటి పరీక్షల చిన్న ల్యాబ్ కూడా ఉంది. అంతకుముందు మూడేళ్లు రొయ్య పిల్లల్ని ఉత్పత్తి చేసే హేచరీలో టెక్నీషియన్‌గా పనిచేశారు. రైతుల దగ్గర బాకీలు నిలిచిపోవడంతో, కంపెనీలకు కట్టవలసింది కట్టేసి, మిగిలిన కాస్త సరుకు అమ్ముకుంటూ దుకాణాన్ని ముగింపుకు తెచ్చారు. ఇప్పుడు ఒక మేత కంపెనీ ఏరియా టెక్నికల్ మేనేజర్ ఉద్యోగానికి మిమ్మల్ని నెల్లూరులో ఇంటర్వ్యూకు పిలిచింది. ఈ పదకొండేళ్లను ఏమని చెప్పుకోవాలి, దుకాణం ఎందుకు మూస్తున్నారని అడిగితే ఏం చెప్పాలి, అనుభవ పత్రం ఎవరిస్తారు, జీతం ఎంత అడగాలి అన్నవి మీ ప్రశ్నలు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో మేత కంపెనీలకూ ప్రాసెసింగ్ ప్లాంట్లకూ మనుషుల్ని ఎంపిక చేసే పనిలో చాలా కాలం ఉన్నాను కాబట్టి, బల్లకు అవతల కూర్చున్నవారు ఏం ఆలోచిస్తారో దాని ప్రకారమే జవాబు వ్రాస్తున్నాను.

మీకు పని వచ్చా రాదా అన్న అనుమానం వాళ్లకు లేదు. ఉంటే పిలిచేవారే కాదు. పదకొండేళ్లు తన గల్లాపెట్టె ముందు తానే యజమానిగా కూర్చున్న మనిషి ఇంకొకరికి రోజువారీ లెక్క చెప్పగలడా, రొయ్యల ధర కాస్త పుంజుకోగానే ఉద్యోగం వదిలి మళ్లీ దుకాణం తెరుస్తాడా, అన్నిటికీ మించి ఇతని పాత బాకీలు తెచ్చి మా అమ్మకాల్లో కలుపుతాడా అన్నవే వాళ్ల అసలు అనుమానాలు. ఈ మూడో అనుమానాన్ని చాలామంది పైకి అడగరు. అడగకుండానే దరఖాస్తు పక్కన పెట్టేస్తారు. మీరు పంపిన ప్రశ్నల్లో కూడా అది లేదు కాబట్టి దానితోనే మొదలుపెడుతున్నాను.

కంపెనీ వైపు నుంచి ఒకసారి చూడండి. మిమ్మల్ని విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు మండలాలకే మేనేజర్‌గా వేశారనుకుందాం. మీరు వెళ్లే రొయ్యల గుంటల్లో సగం మీకు బాకీ ఉన్న రైతులవే అవుతాయి. రైతు మిమ్మల్ని చూడగానే "పోయిన పంట బాకీ కోసమా అన్నా, ఈ పట్టుబడికి ఎట్టా అయినా సర్దుతాలే" అంటాడు. ఆ రైతు రొయ్యలు పట్టి అమ్మాక చేతికొచ్చిన డబ్బులో మీ పాత బాకీ ముందు కడతాడా, కంపెనీ డీలరుకు ఇవ్వవలసిన మేత డబ్బు ముందు కడతాడా? మీరు ఎంత నిజాయితీపరులైనా ఆ డబ్బు ఎటు పోయిందన్న అనుమానం మీ మీద పడుతూనే ఉంటుంది. ఇంకో పక్క, మీకు బాకీ ఉన్న రైతుకు మీరే కొత్తగా అరువు ఇప్పించండని సిఫారసు చేస్తే, మీ డబ్బు రాబట్టుకోవడానికే ఇప్పించారని అంటారు. ఈ ఇబ్బంది వల్లనే మంచి డీలర్లుగా పేరున్నవారిని కూడా కంపెనీలు ఉద్యోగంలోకి తీసుకోవడానికి వెనకాడతాయి.

అందువల్ల ఇంటర్వ్యూకు ముందు చేయవలసిన మొదటి పని బాకీల జాబితా. ఎవరు, ఏ ఊరు, ఎంత, ఏ తేదీన ఇచ్చినది, ప్రోనోటు ఉందా లేక ఖాతా పుస్తకంలో సంతకమేనా అన్నది ఒక కాగితం మీదకు తీసుకురండి. ప్రోనోటు అయినా అరువు సరుకు అయినా మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. గడువు లోపల రైతు కొంత మొత్తం చెల్లించి, ఆ చెల్లింపును నోటు మీద తన చేత్తో వ్రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్కకు వస్తాయి. వెయ్యి రూపాయలు కట్టించి అయినా చెల్లు వ్రాయించుకోవడమంటే ఇదే. గడువు దగ్గరపడిన నోట్లకు ఈ పని వెంటనే చేయండి, ఎందుకంటే ఉద్యోగంలో చేరాక మీరు ఆ ఊళ్లకు ఆ పని మీద వెళ్లకూడదు. ఆ తర్వాత వసూలు బాధ్యతను మీ ఇంట్లోవారిలో ఒకరికో, లెక్కలు చూసే గుమాస్తాకో, న్యాయవాదికో పూర్తిగా అప్పగించండి.

ఇంటర్వ్యూలో వాళ్లు అడగకముందే మీరే ఈ విషయం ఎత్తండి. "నాకు ఈ మూడు మండలాల్లో ఇంత బాకీ రావాలి, వాటి వసూలు నా తమ్ముడు చూసుకుంటాడు, మీకు అభ్యంతరం లేకపోతే మొదటి రెండేళ్లు నన్ను ఆ మండలాల్లో కాకుండా సింగరాయకొండ, కొత్తపట్నం వైపు వేయండి" అని చెప్పగలిగితే అవతలివాళ్ల ముఖంలో మార్పు మీకే కనబడుతుంది. ఇంటికి దూరమవుతుందన్న బెంగ సహజమే. అయినా ఈ ఒక్క మాట మీరు చూపించబోయే మిగతా కాగితాలన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుందని నా గట్టి నమ్మకం. పరిచయం ఉన్న ప్రాంతమే తన బలం అనుకుని వచ్చేవారు చాలామంది. ఆ బలమే కంపెనీకి భయమని గుర్తించి వచ్చేవారు చాలా తక్కువ.

ఇక పదకొండేళ్లను ఏమని చెప్పుకోవాలన్నది. "సొంత వ్యాపారం చేశాను సార్, ఆ పక్క రైతులందరూ నాకు తెలుసు" అన్న వాక్యం వినని రోజు ఉండదు. దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఏడాదికి సగటున ఎన్ని టన్నుల మేత అమ్మారు, అందులో నగదు ఎంత, అరువు ఎంత, అరువులో సకాలంలో తిరిగి వచ్చినది ఎంత శాతం, ల్యాబ్‌లో నెలకు ఎన్ని నీటి నమూనాలు చూశారు, మీ సలహా మీద నడిచిన గుంటల్లో ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్య పెరగడానికి పట్టిన మేత) ఎంత వచ్చింది అన్నవి చెప్పండి. ఇవన్నీ మీ ఖాతా పుస్తకాల్లోనూ ల్యాబ్ రిజిస్టర్‌లోనూ ఉన్నవే. మీరు ఎన్నడూ వాటిని కూడి చూసుకోలేదు, అంతే. నాలుగైదు రోజులు కూర్చుని కూడండి. బాగున్న సంవత్సరాలతోపాటు బాగాలేని సంవత్సరాల అంకెలు కూడా పెట్టండి. ఈ జిల్లాలో ఏ పంట ఎప్పుడు పోయిందో ఇంటర్వ్యూ చేసేవారికి తెలుసు కనుక, పదకొండేళ్లూ పైకే వెళ్లిన గీత చూపిస్తే మీ మిగతా మాటలు కూడా నమ్మరు.

అనుభవ పత్రం ఎవరిస్తారని అడిగారు. మీకు మీరే లెటర్‌హెడ్ మీద వ్రాసుకున్న పత్రానికి విలువ లేదు. మీరు డీలర్‌షిప్ తీసుకున్న మేత కంపెనీల నుంచి మీ ఖాతా లెడ్జర్ తెప్పించుకోండి. ఎప్పుడెప్పుడు ఎంత సరుకు తీసుకున్నారు, ఎప్పుడెప్పుడు డబ్బు కట్టారు, చివరికి బాకీ సున్నా అయిందా అన్నది అందులో బయటివాళ్ల లెక్కలోనే ఉంటుంది. మీరు వ్రాసినట్లు కంపెనీలకు అణా పైసలతో సహా కట్టేసి ఉంటే, బాకీ లేదని ఒక పత్రం అడిగి తీసుకోండి. రైతులు మీకు ఎగ్గొట్టినా మీరు కంపెనీకి ఎగ్గొట్టలేదన్నది వసూళ్లతో ముడిపడిన ఈ ఉద్యోగానికి అన్నిటికంటే పెద్ద అర్హత. దానిని మీరు మీ ఉత్తరంలో ఏదో మామూలు విషయంలాగా ఒక్క ముక్కలో దాటేశారు. ఇంటర్వ్యూలో అలా దాటేయకండి.

దానికి తోడుగా గత మూడు నాలుగేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, దుకాణం పేరున ఉన్న బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్, జీఎస్టీ నమోదు పత్రం, చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ నమోదు ఉంటే అదీ ఒక ఫైలులో పెట్టుకోండి. ఇక్కడ ఒక జాగ్రత్త. రొయ్యల మేత మీద జీఎస్టీ లేదు, కానీ మందులూ ల్యాబ్ సామగ్రీ వంటి వాటి మీద ఉంది. అందువల్ల మీ జీఎస్టీ రిటర్నుల్లో పన్ను పడిన అమ్మకం చిన్నదిగా, మినహాయింపు అమ్మకం పెద్దదిగా కనబడాలి. మేత అమ్మకాన్ని అసలు చూపించకుండా రిటర్నులు వేసి ఉంటే, మీరు నోటితో చెప్పే టన్నులకూ కాగితం మీద ఉన్న అంకెకూ పొంతన కుదరదు. ఉద్యోగం ఇచ్చే ముందు వివరాలు సరిచూసే సంస్థలు ఆ పొంతనను కూడా చూడవచ్చు. మీ ఆడిటర్‌తో కూర్చుని ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వివరించగలిగే స్థితికి రండి, కాగితంతో కుదరని అంకెను నోటితో చెప్పకండి.

దుకాణం ఎందుకు మూస్తున్నారన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. దీనికి సమాధానం నిజమే అయి ఉండాలి, పైగా రెండు నిమిషాల్లో ముగియాలి. రైతుల్ని తిట్టకండి, రేపు మీరు వెళ్లేది ఆ రైతుల దగ్గరికే, ఆ తిట్టు విన్నవారు ఆ మాటే గుర్తుపెట్టుకుంటారు. ప్రభుత్వాన్నీ దళారులనూ తిట్టడం కూడా అనవసరం. ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి వల్ల రొయ్య ఎదుగుదల ఆగి పంట గిట్టుబాటు కాకపోవడం, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు ఇక్కడ రేట్లూ రైతుల ధైర్యమూ రెండూ పడిపోవడం, ఆ దెబ్బ అరువు మీద నడిచే దుకాణాల మీదకు రావడం అవతలివాళ్లకు మీకంటే ఎక్కువ తెలుసు. కాబట్టి కారణం ఒక్క వాక్యంలో చెప్పి, మీరు ఎలా ముగించారన్నది నాలుగు వాక్యాల్లో చెప్పండి. కొత్త అరువు ఏ నెలలో ఆపారు, సరుకు ఎలా తగ్గించుకుంటూ వచ్చారు, పనిచేసే కుర్రాళ్ల జీతాలు ఎలా సర్దారు, కంపెనీల లెక్క ఎప్పటికి తేల్చారు అన్నది వింటే, చేతులెత్తేసి పారిపోయిన మనిషి కాదని అర్థమవుతుంది. "నెలకు ఇంత అని ఖాయంగా వస్తే చాలు" అన్న మాట మాత్రం వద్దు. అది నిజమే అయినా, వినేవారికి అలసిపోయి వచ్చిన మనిషి మాటలా వినిపిస్తుంది. మీరు పంపిన వివరాల్లోనే దానికంటే మంచి కారణం ఉంది: వసూళ్ల కోసం తిరగడంలో మీ పొద్దంతా పోయి, గట్టు మీద నిలబడి చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో తెలిపే పళ్లెం) చూసే పని, ల్యాబ్ పని వెనకబడ్డాయని వ్రాశారు. ఆ మాటే చెప్పండి.

సాంకేతిక ప్రశ్నలకు మీరు భయపడనక్కర్లేదు గానీ, దుకాణదారు చెప్పే జవాబూ కంపెనీ ఉద్యోగి చెప్పవలసిన జవాబూ ఎక్కడ వేరవుతాయో ముందే ఆలోచించుకోవాలి. నేను తరచుగా అడిగిన ప్రశ్న ఒకటి చూడండి. అరవై రోజుల పంట, రొయ్య అయిదు గ్రాముల దగ్గర ఆగిపోయింది, ఒకే గుంటలో చిన్నవీ పెద్దవీ కలిసి ఉన్నాయి, రైతు ఫోన్ చేసి మీ మేతే పాడు అని పదిమంది ముందు అరుస్తున్నాడు, మీరేం చేస్తారు? సొంత దుకాణం నడిపినవారు చాలామంది వెంటనే చెప్పే జవాబు, రైతు చేజారకుండా రెండు బస్తాలు తగ్గించి ఇస్తాను లేదా వేరే బ్రాండ్ వేయమంటాను అని. దుకాణానికి అది సరిపోతుంది. కంపెనీకి అది తప్పు ఒప్పుకున్నట్లు అవుతుంది. కంపెనీ వినాలనుకునే జవాబు ఇలా సాగుతుంది: ముందు గుంట దగ్గరకు వెళ్లి రైతు చెప్పేది పూర్తిగా వింటాను, రొయ్య పిల్ల ఏ హేచరీది, ఎన్ని లక్షలు వేశారు, వేసే ముందు రోగాల కోసం పీసీఆర్ పరీక్ష చేయించారా అని అడుగుతాను, మేత రికార్డు, చెక్ ట్రే, నీటి లెక్కలు చూస్తాను, వల వేయించి తూకం తీసి సగటు బరువూ తేడాలూ నమోదు చేస్తాను, ట్రేలో తెల్లటి మలం తీగలు ఉన్నాయేమో, రొయ్య కాలేయం రంగు ఎలా ఉందో చూసి ఈహెచ్‌పీ అనుమానం ఉంటే నమూనా పరీక్షకు పంపుతాను, మేత బస్తా మీది బ్యాచ్ నంబరు వ్రాసుకుని, రైతు ఎదుటే నమూనా తీసి సీలు వేయిస్తాను, అదే బ్యాచ్ వాడుతున్న చుట్టుపక్కల గుంటల పరిస్థితి కనుక్కుంటాను, ఫలితం వచ్చేవరకు మేతది తప్పనీ కాదనీ రెండూ చెప్పను, ఆ సాయంత్రమే పై అధికారికి ఫోటోలతో నివేదిక పంపుతాను. ఇందులో మీకు తెలియనిది ఒక్కటీ లేదు. వరసా, చివరి రెండు మాటలూ మాత్రమే కొత్త. అవి నోటికి వచ్చేవరకు ఎవరి ముందైనా కూర్చుని చెప్పి చూసుకోండి.

మందుల దుకాణం నడిపారు కాబట్టి యాంటీబయాటిక్స్ గురించి సూటిగా అడుగుతారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివి రొయ్యల సాగులో నిషిద్ధం. వాటి అవశేషాల కారణంగానే ఐరోపా సమాఖ్య 2016 లో మన సరుకు తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. 2020 లో మన రాష్ట్రంలో ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార చట్టం, చేపల మేత నాణ్యత నియంత్రణ చట్టం వచ్చాయి. మీ దుకాణానికి వాటి కింద తీసుకున్న లైసెన్స్ ఉంటే నకలు ఫైలులో పెట్టండి. మీరు ఏమేమి అమ్మలేదో, అడిగిన రైతుకు ఏం చెప్పి పంపారో ఒక ఉదాహరణతో చెప్పగలగాలి.

మీకంటే పదేళ్లు చిన్నవాడి కింద పనిచేయగలరా అన్న ప్రశ్నకు "నాకేం ఇబ్బంది లేదు సార్" అని అందరూ అంటారు. ఆ మాట చెప్పి ఊరుకోకండి. డీలరుగా మీరు ఇప్పటికే కంపెనీ పెట్టిన టార్గెట్లకూ, అరువు పరిమితికీ, ధరల పట్టికకూ లోబడి పనిచేశారు. వాళ్ల సేల్స్ ఆఫీసరు వయసు ఎంతో మీరు చూడలేదు. దానిని ఉదాహరణగా చెప్పండి. రోజూ తిరిగిన ఊళ్లను ఫోన్ యాప్‌లో నమోదు చేయడం, వారానికొకసారి ఎక్సెల్ పట్టిక పంపడం ఇప్పుడు ఈ ఉద్యోగాల్లో మామూలే. రాకపోతే వారం రోజుల్లో నేర్చుకునే పని, వచ్చు అని అబద్ధం చెప్పవలసిన పని కాదు.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. వ్యాపారం చేసినవారికి ఎదుటివారు సమస్య చెప్పగానే సలహా ఇచ్చే అలవాటు ఉంటుంది. ఇంటర్వ్యూ మధ్యలో కంపెనీ ధరలు ఎలా ఉండాలో, డీలర్లకు మార్జిన్ ఎంత ఇవ్వాలో చెప్పడం మొదలుపెట్టి, వచ్చిన ఉద్యోగాన్ని పోగొట్టుకున్న సమర్థుల్ని చూశాను. అడిగినదానికి జవాబు చెప్పి ఆగండి. మీ అభిప్రాయం అడిగితే అప్పుడు ఇవ్వండి.

జీతం విషయంలో మీ దుకాణం టర్నోవరును కొలబద్దగా తీసుకోకండి. పెట్టుబడి మీద వడ్డీ, అద్దె, కుర్రాళ్ల జీతాలు, మునిగిన బాకీలు తీసేసి ఇంటి ఖర్చుకు మీరు నెలకు నిజంగా ఎంత తీసుకున్నారో చూడండి. దాని మీద, ఈ ప్రాంతంలో అదే హోదాలో ఉన్నవారు తీసుకుంటున్నది ఇద్దరు ముగ్గురిని అడిగి తెలుసుకుని, ఒక కనీసపు అంకె మనసులో పెట్టుకోండి. వాళ్లు చెప్పే వార్షిక మొత్తంలో కంపెనీ వాటా పీఎఫ్ కూడా కలిసి ఉందా అని అడగండి. మీ వాటాగా మూల వేతనం, డీఏ మీద 12 శాతం పీఎఫ్, నెలకు రూ. 200 వృత్తి పన్ను కోత పడతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇన్సెంటివ్ అమ్మకం మీదా వసూలు మీదా అన్నది, పెట్రోలు ఖర్చు కిలోమీటరు లెక్కనా నెలకు ఇంత అనా అన్నది అడగండి. గట్ల మీద తిరిగే ఉద్యోగంలో చేతికి మిగిలేది ఈ రెంటి మీదే ఆధారపడి ఉంటుంది. ఈ ప్రశ్నలు అడిగితే చులకనగా చూస్తారన్న సంకోచం వద్దు, లెక్క తెలిసిన మనిషి అనే అనుకుంటారు.

హేచరీలో పనిచేసినప్పుడు మీకు పీఎఫ్ ఖాతా ఉండి ఉంటే దాని నంబరు వెతికి ఉంచండి. చేరేటప్పుడు ఇచ్చే డిక్లరేషన్ ఫారంలో పాత సభ్యత్వం ఉందని వ్రాయాలి. లేదని వ్రాసి పాత ఖాతాతో సంబంధం లేని కొత్త నంబరు తెచ్చుకుంటే తర్వాత ఖాతాలు కలపడానికి అవస్థ పడాలి. ఆ మూడేళ్ల సర్వీసు చిన్నదే అయినా, మీరు ఇదివరకు ఉద్యోగం చేశారనడానికి ప్రభుత్వ లెక్కలో ఉన్న ఆధారం అదొక్కటే కాబట్టి బయోడేటాలో కూడా తప్పక పెట్టండి.

దుకాణం జీఎస్టీ నమోదును ఏం చేశారని కూడా అడగవచ్చు, ఎందుకంటే అదే సరుకు అమ్మే సంస్థ మీ పేరున నడుస్తుండగా ఉద్యోగంలోకి తీసుకోరు. మిగిలిన సరుకు ఎప్పటికి అయిపోతుందో ఒక తేదీ చెప్పండి. వ్యాపారం ఆగిన 30 రోజుల్లో రద్దుకు దరఖాస్తు పెట్టాలి, రద్దు ఉత్తర్వు వచ్చాక మూడు నెలల్లోపు తుది రిటర్ను వేయాలి, అప్పటికి మిగిలిన సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుకు తీసుకున్న క్రెడిట్‌ను తిరిగి కట్టాలి. ఈలోగా అమ్మకం సున్నా అయినా మామూలు రిటర్నులు ఆపకూడదు, ఆపితే ఆలస్య రుసుము పెరుగుతుంది. వీలైతే దుకాణం మూత, ఉద్యోగంలో చేరిక ఒకే నెలలో పడేలా చూసుకోమని మీ ఆడిటర్‌కు చెప్పండి. ఆ ఆర్థిక సంవత్సరం ఆదాయపు పన్ను రిటర్నులో దుకాణం ఆదాయమూ జీతమూ రెండూ చూపవలసి ఉంటుంది.